పంక్తి ఎచ్చట ముగియును?

నల్లగొండ చెంతనున్న పానగల్లులోని శిలాశాసనములను పరికించినవారికి ఒక విషయము వెంటనే తోచును. చెక్కినవాడు రాతి అంచు తగిలినచోట ఆగి, క్రింది వరుసలో మరల మొదలిడినాడు. పదము నడుమ విరిగినను అతనికి పట్టింపు లేదు. 2016కు పూర్వము మహబూబునగరు జిల్లాలో ఉండిన ఆలంపురపు శాసనములందును, మన తాటాకు గ్రంథములందును ఇదియే రీతి. పద్యము ముగిసినదని తెలుపుటకు నిలువుగీతలు ఉండవచ్చును గాని, పంక్తి మాత్రము ఆకు ముగిసినచోటనే ముగియును.

ఇప్పుడీ శాసనపాఠములను కంప్యూటరులోనికి ఎక్కించుచున్నాము. అచ్చట రాయి లేదు, అంచు లేదు. ఫైలనునది ఆద్యంతము ఒకే అంకెల వరుస. కావున పంక్తి ముగింపును గూడ ఒక అక్షరమువలె వ్రాసి చూపవలసి వచ్చినది. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది.

తంతి వార్తలను అచ్చొత్తు యంత్రములకు 1901లో డోనాల్డ్ మరే కూర్చిన సంకేతములలో రెండు ఆజ్ఞలు వేరువేరుగా ఉండెను. ఒకటి అచ్చుబండిని ఎడమ అంచునకు మరలించును. రెండవది కాగితమును ఒక వరుస పైకి జరుపును. 1963 నాటి ఆస్కీ పట్టికలో వీనికి 13, 10 అను సంఖ్యలు దక్కినవి. మల్టిక్స్ నిర్మాతలు ఒక్క 10 చాలునని నిశ్చయించిరి. యూనిక్స్ వారి ననుసరించినది. డాస్, విండోస్ రెంటిని నిలుపుకొన్నవి. పాత మెకింటాష్ 13ను మాత్రమే వాడినది. 2001లో వచ్చిన ఓఎస్ టెన్‌తో అదియు యూనిక్స్ త్రోవ పట్టినది. ఒక్క గుర్తే మేలని మా అభిప్రాయము. అయినను రెంటిని ఉంచినవారిని తప్పుపట్టలేము. నాటి అచ్చుయంత్రమునకు రెండును నిజముగనే కావలసియుండెను.

విండోస్‌లో ఎక్కించిన గ్రామనామముల పట్టికను, వరుస కొక్క పేరు చొప్పున, లినక్స్‌పై పెర్ల్ భాషలో చదువుచున్నామనుకొందము. ‘చాంప్’ అను ఆజ్ఞ పంక్తి చివరనుండి 10ని తీసివేయును, 13 మిగిలిపోవును. అది కంటికి కానరాదు. తెరపై ‘పానుగల్లు’ అనియే ఉండును, కాని పోల్చిచూచిన యంత్రము ఇది ఆ పేరు కాదనును. ఆ ఊరు సూచికనుండి జారిపోవును, దానితో అచటి దానశాసనము కూడ మరుగుపడును. పాత మెకింటాష్ ఫైలైనచో మరియు వింత: 10 ఎచ్చటను లేనందున ఫైలంతయు ఒకే పంక్తియగును.

పైథాన్ భాషవారు 2003లో 2.3వ రూపముతో ఈ మూడు ముగింపులను ఒకటిగా చదువు పద్ధతిని తెచ్చిరి. 2008 నాటి మూడవ పైథాన్‌లో పాఠపుఫైలు తెరచినంతనే అది తనంత తాను జరుగును. అయినను ఆ భాషలోని ‘స్ప్లిట్‌లైన్స్’ విషయమున జాగ్రత్త వలయును. అది పుటమార్పు గుర్తువద్దను, యూనికోడ్‌లోని ప్రత్యేక పంక్తివిభాజకమువద్దను గూడ ఖండించును. శాసనమున పన్నెండవ పంక్తియని పండితుడు ఉదాహరించినది యంత్రపు లెక్కలో పదుమూడవది కావచ్చును.

ఇంతచేసినను విరిగిన పదము అతుకదు. పరిష్కర్తలు పదము సాగుచున్నదని తెలుపుటకు పంక్తి చివర చిన్న అడ్డుగీత ఉంచుదురు. అది ఉన్నచోట గీతను తొలగించి, ఖాళీ విడువక కలుపవలెను; లేనిచోట ఒక ఖాళీ విడువవలెను. పరిష్కర్త గీత ఉంచనిచో, ఆ పని తెలుగు తెలిసినవారే కూర్చుండి చేయవలెను.