పంపు పోయిందా, పాత సమస్యే తిరిగొచ్చిందా? హైడ్రాలిక్స్ 350 ఏళ్ల కథ

ముందు ఒక చిన్న ప్రశ్న. మన పేపర్లలో "ప్రొక్లెయినర్‌తో చెరువు పూడికతీత" అని వార్త వస్తుంది కదా, ఆ ప్రొక్లెయినర్ అనే మాట ఎక్కడిది? తెలుగూ కాదు, ఇంగ్లిషూ కాదు. పొక్లెయిన్ అని ఒక ఫ్రెంచ్ కంపెనీ ఉంది. 1951లో టీయూ అనే హైడ్రాలిక్ ఎక్స్‌కవేటర్ తెచ్చింది. తర్వాత ఎల్ అండ్ టీ ఆ టెక్నాలజీతోనే మన దేశంలో మిషన్లు తయారు చేసింది. అలా కంపెనీ పేరు కాస్తా మన నోట్లో పడి మిషన్ పేరైపోయింది. పసుపు రంగులో ఉన్నవన్నీ జేసీబీలు అయిపోయినట్టే.

ఈ ఎపిసోడ్ మా బాబాయ్ వల్ల చేస్తున్నాను. ఆయన దగ్గర మూడున్నర టన్నుల మినీ ఎక్స్‌కవేటర్ ఉంది, ఈఎంఐ నడుస్తోంది. పోయిన ఎండాకాలం మామిడి తోటలో ఫెన్సింగ్ స్తంభాలకి ఆగర్‌తో గుంతలు తీశాడు. పని అయ్యాక ఆగర్ విప్పి రాక్ బ్రేకర్ బిగించి, టౌన్‌లో డ్రైనేజీ కోసం సిమెంట్ రోడ్డు పగలగొట్టే పనికి వెళ్లాడు. బ్రేకర్ దెబ్బలు నీరసంగా పడుతున్నాయి. గంట తిరక్కుండా ఆయిల్ కాలిపోతోంది. నాలుగు రోజులు అలాగే లాగించాడు. మెకానిక్ వచ్చి చూసి, "పంపు పోయింది, రెండు లక్షల పైన అవుద్ది" అన్నాడు. పిన్ని గాజులు తాకట్టు పెట్టే దాకా వెళ్లింది కథ. అప్పుడు నాకు ఫోన్. "ఒరేయ్, నువ్వు మెకానికల్ బీటెక్ కదరా?"

నిజమే, చదివింది మెకానికల్. చేసింది సాఫ్ట్‌వేర్. ఇప్పుడు చేసేది వీడియోలు. ఏం చెప్పాలో తెలియక "ఆయిల్ కూలర్ జామ్ అయ్యుంటుంది, గాలి కొట్టించు" అన్నాను. కొట్టించాడు. ఏమీ మారలేదు. ఆ రాత్రి కూర్చుని అసలు ఈ హైడ్రాలిక్స్ ఎలా పుట్టిందో చదవడం మొదలుపెట్టా. చదివే కొద్దీ ఒక విషయం అర్థమైంది. ఈ మిషన్‌లో ప్రతి పార్టూ ఎప్పుడో ఎవరికో వచ్చిన ఒక సమస్యకి సమాధానం. కాబట్టి మిషన్ మొరాయించినప్పుడు "ఏ పార్ట్ పోయింది" అని కాదు, "ఏ పాత సమస్య తిరిగొచ్చింది" అని అడగాలి.

కథ ఫ్రాన్స్‌లో మొదలవుతుంది. పాస్కల్ పేరు టెన్త్ ఫిజిక్స్‌లో చదివాం. ద్రవాల మీద ఆయన రాసిన పుస్తకం ఆయన చనిపోయాక 1663లో వచ్చింది. అందులో విషయం సింపుల్. మూసి ఉన్న ద్రవం మీద ఒక చోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకీ సమానంగా వెళ్తుంది. అంటే చిన్న పిస్టన్ మీద చిన్న బలంతో, పెద్ద పిస్టన్ దగ్గర పెద్ద బరువు లేపొచ్చు. పేపర్ మీద సూపర్. కానీ పనికొచ్చే మిషన్ కావడానికి ఇంకో 130 ఏళ్లు పట్టింది.

ఎందుకంటే, లీకు. 1795లో లండన్‌లో జోసెఫ్ బ్రామా అనే తాళాల తయారీదారు హైడ్రాలిక్ ప్రెస్‌కి పేటెంట్ తీసుకున్నాడు. పిస్టన్ చుట్టూ సీల్ వదులుగా పెడితే నీళ్లు కారిపోతాయి. గట్టిగా బిగిస్తే పిస్టన్ పట్టేసి వెనక్కి రాదు. దీనికి దారి చూపింది ఆయన వర్క్‌షాప్‌లో పనిచేసే హెన్రీ మాడ్స్‌లే అని చెప్తారు. తోలుతో కప్పులా ఉండే సీల్ అది. ప్రెషర్ వస్తే కప్పు అంచులు విచ్చుకుని బిగుసుకుంటాయి, ప్రెషర్ పోతే వదులవుతాయి. సీల్‌ని నీటి ఒత్తిడే బిగిస్తుందన్నమాట! ఇంత చేసిన మాడ్స్‌లే జీతం పెంచమంటే బ్రామా ఒప్పుకోలేదు. 1797లో బయటికొచ్చి సొంత షాప్ పెట్టుకున్నాడు. అప్రైజల్ బాధలు ఇప్పటివి కావు ఫ్రెండ్స్.

మినీ ఎక్స్‌కవేటర్ సిలిండర్‌లో ఇప్పటికీ అదే ఐడియా. తోలు బదులు పాలీయురెథేన్, అంతే. బూమ్ ఎత్తి ఇంజిన్ ఆపితే అది మెల్లగా దిగిపోతోందా? సిలిండర్ సీల్ గానీ, వాల్వ్ గానీ లోపల లీకవుతోంది. అంటే బ్రామా సమస్య.

అదే ఇంగ్లండ్‌లో, 50 ఏళ్ల తర్వాత, న్యూకాజిల్‌కి వద్దాం. విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ వృత్తికి లాయరు, పిచ్చి మాత్రం మిషన్ల మీద. 1846లో ఊరి నీళ్ల పైపుల ప్రెషర్‌తో నడిచే క్రేన్ పెట్టాడు. కానీ పైపుల్లో ప్రెషర్ ఎప్పుడూ ఒకేలా ఉండదు కదా. దానికి ఒక దారి, ఎత్తుగా టవర్ కట్టి పైన నీళ్లు నింపడం. గ్రిమ్స్‌బీ రేవులో అలా 1852లో కట్టిన 94 మీటర్ల టవర్ ఇప్పటికీ ఉంది. నేల మెత్తగా ఉండి టవర్ కట్టలేని చోట ఆయన ఇంకో దారి వెతికాడు. నిలువు సిలిండర్‌లో నీళ్లు, పైన టన్నుల కొద్దీ బరువు. పని లేనప్పుడు పంపు ఆ బరువుని పైకి లేపుతుంది, పని ఉన్నప్పుడు అది కిందికి దిగుతూ ప్రెషర్ ఇస్తుంది. దాని పేరు అక్యుములేటర్. 1894లో తెరిచిన లండన్ టవర్ బ్రిడ్జి పైకి లేచింది ఇలాంటి అక్యుములేటర్లతోనే.

బ్రేకర్‌లో ఈ బరువు పని చేసేది నైట్రోజన్ గ్యాస్. 1967లో జర్మనీలో క్రుప్ కంపెనీ హైడ్రాలిక్ బ్రేకర్‌ని మార్కెట్‌లోకి తెచ్చింది. గ్యాస్ తగ్గితే దెబ్బ బలం తగ్గుతుంది. అక్యుములేటర్‌లో గ్యాస్ పోతే హోస్ పైపులు పాముల్లా ఎగిరెగిరి పడతాయి. అది ఆర్మ్‌స్ట్రాంగ్ సమస్య, పంపుది కాదు.

ఇక్కడి దాకా అంతా నీళ్లే. నీళ్లతో తుప్పు, చలికాలంలో గడ్డకట్టడం, పైగా లూబ్రికేషన్ లేదు. అమెరికాలో జానీ, విలియమ్స్ అనే ఇంజినీర్లు నీళ్లు తీసేసి నూనె వాడారు. 1906లో వర్జీనియా అనే యుద్ధనౌక ఫిరంగులు తిప్పడానికి అలాంటి సిస్టమ్ పెట్టారు. కానీ నూనె కొత్త సమస్య తెచ్చింది. వేడెక్కితే పలచబడుతుంది, పలచబడితే సందుల్లోంచి లోపలే జారిపోతుంది. పొద్దున్న బాగా లాగి, మధ్యాహ్నానికి నీరసపడే మిషన్ చూశారా? అదే ఇది.

చివరి మలుపు జపాన్‌లో. ఇరుకు సందుల్లో, ఇళ్ల పునాదుల దగ్గర పార, గునపాల పని తగ్గించడానికి చిన్న మిషన్లు పుట్టాయి. 1968లో యన్మార్ వైఎన్‌బీ300, 1971లో తకేయుచి టీబీ1000. చిన్న మిషన్ అంటే చిన్న ఇంజిన్, చిన్న ట్యాంకు, చిన్న కూలర్. పెద్ద మిషన్ ఓర్చుకునే తప్పుని ఇది ఓర్చుకోదు. లెక్క చూడండి. నిమిషానికి ఎన్ని లీటర్లు, ఎన్ని బార్ ప్రెషర్, రెండూ గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు. రిటర్న్ దారిలో ఎక్కడో అడ్డు ఉండి, 50 లీటర్ల ఆయిల్ 60 బార్ వృథాగా పోగొట్టుకుంటే 5 కిలోవాట్ల వేడి. మనింట్లో గీజర్ 2 కిలోవాట్లు. అంటే రెండున్నర గీజర్లు ఆయిల్ ట్యాంకులో వేసినట్టే!

ఇక్కడ నాకు బల్బు వెలిగింది. పొద్దున్నే బాబాయ్‌కి ఫోన్ చేశా. "బకెట్, ట్రాక్‌లు ఎలా ఉన్నాయి?" "అవి బానే ఉన్నాయిరా." అవి బాగుంటే పంపు పోయిందని ఎలా అంటాం? కోడ్ పగిలితే మేం మొదట అడిగేది ఒక్కటే, చివరగా ఏం మార్చావ్? "ఆగర్ తీసి బ్రేకర్ పెట్టా." అదీ పాయింట్! ఆగర్ రెండు వైపులా తిరగాలి, కాబట్టి ఆయిల్ వెళ్లేదీ వచ్చేదీ మెయిన్ వాల్వ్ గుండానే. బ్రేకర్‌కి ఆయిల్ ఒకే వైపు వెళ్లాలి, రిటర్న్ నేరుగా ట్యాంకుకి పోవాలి. దాన్ని మార్చే సెలెక్టర్ వాల్వ్ ఇంకా ఆగర్ వైపే ఉండిపోయింది. వాల్వ్ తిప్పాడు. దెబ్బ పడింది.

కానీ అంతా ఫ్రీగా అయిపోలేదు. నాలుగు రోజుల వేడికి బ్రేకర్ సీల్స్ గట్టిపడి కారడం మొదలైంది. సీల్ కిట్, ఆయిల్, ఫిల్టర్ మార్చక తప్పలేదు. గాజులు మాత్రం బీరువాలోకి తిరిగెళ్లాయి.

సో, వరస గుర్తుపెట్టుకోండి. ముందు బకెట్, ట్రాక్ చూడండి. తర్వాత చివరగా ఏం మార్చారో అడగండి. తర్వాత సెలెక్టర్ వాల్వ్, సగమే బిగిసిన క్విక్ కప్లర్లు, నలిగిన హోస్. మల్చర్ లాంటి మోటార్ అటాచ్‌మెంట్ అయితే దాని కేస్ డ్రెయిన్ పైపు. ఆ సన్న పైపు మూసుకుపోతే షాఫ్ట్ సీల్ ఎగిరిపోతుంది. ఆ తర్వాత ఆయిల్ లెవెల్, ఫిల్టర్, వేడి. అప్పుడు గేజ్ పెట్టి ప్రెషర్, ఫ్లో కొలవండి. పంపు మాట చివర్లోనే.

ఇంకొక్కటి, ఇది సీరియస్. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడకండి. సూది మొనంత రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి, ఆలస్యమైతే వేలు, చెయ్యి తీసేయాల్సి రావచ్చు. అట్టముక్క పెట్టి చూడండి. కప్లర్ విప్పే ముందు ఇంజిన్ ఆపి, లైన్‌లో ప్రెషర్ పూర్తిగా వదిలేయండి.

మీ ఊళ్లో మిషన్ నడిపే అన్న ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ పంపండి. "పంపు పోయింది" అనే మాట మీరూ విని ఉంటే, చివరికి ఏం తేలిందో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం. ఉంటాను.