తిరగని రాడార్

టెన్త్‌లో మన ఫిజిక్స్ మాస్టారు నీళ్ల తొట్టిలో ఒకేసారి రెండు గులకరాళ్లు వేయించారు. అలలు కొన్నిచోట్ల కలిసి పెద్దవయ్యాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చెరిపేసుకున్నాయి. ఆ అలల లెక్కే యుద్ధనౌకలకు కాపలా కాస్తుందని ఇంజనీరయ్యాక గానీ నాకు తెలియలేదు.

1967 అక్టోబరు 21న పోర్ట్ సయీద్ దగ్గర ఈజిప్టు చిన్న పడవలు వదిలిన స్టిక్స్ క్షిపణులకు ఇజ్రాయెల్ నౌక ఐలాట్ మునిగిపోయింది. 1971 డిసెంబరు 4 రాత్రి మన నౌకాదళం అదే రకం క్షిపణులతో కరాచీని దెబ్బతీసింది. మనం నేవీ డే జరుపుకునేది ఆ రోజునే. 1982 మే 4న ఫాక్లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ నౌక షెఫీల్డ్‌ను ఎక్సోసెట్ క్షిపణి తాకింది. 20 మంది చనిపోయారు. విమానదాడుల నుంచి తోటి నౌకలను కాపాడడమే ఆ నౌక పని!

ఎందుకిలా? భూమి గుండ్రం కాబట్టి, నీటికి నాలుగైదు మీటర్ల ఎత్తున వచ్చే క్షిపణి సుమారు 25 కిలోమీటర్ల దూరంలోకి వచ్చేదాకా ఓడ రాడార్‌కు కనిపించదు. అక్కడి నుంచి ఓడను చేరడానికి దానికి ఒకటిన్నర నిమిషం చాలు. తిరిగే యాంటెన్నా ఒక చుట్టు పూర్తిచేసి మళ్లీ అటు చూసేలోగా విలువైన సెకన్లు పోతాయి.

ఫేజ్డ్ అర్రే రాడార్‌లో యాంటెన్నా తిరగదు. చదునైన పలకలో వేల చిన్న యాంటెన్నాలుంటాయి. ఒక్కోదాని తరంగాన్ని లేశమాత్రం ముందూ వెనకా చేస్తే, అన్నీ కలిసి బలపడే దిక్కు మారుతుంది. అంటే కిరణం క్షణంలో పక్కకు తిరుగుతుంది. 1961లోనే అమెరికా ఎంటర్‌ప్రైజ్, లాంగ్ బీచ్ నౌకలపై ఇలాంటివి పెట్టింది గానీ, వాటి నిర్వహణే తలకు మించిన భారమైంది. 1983 జనవరిలో ఏజిస్ వ్యవస్థతో టైకాండెరోగా నౌక సేవలో చేరింది. నాలుగు వైపులా నాలుగు పలకలు, ఒక్కో పలకలో నాలుగు వేలకు పైగా యాంటెన్నాలు. 2014లో మన ఐఎన్ఎస్ కోల్‌కతా, 2021లో మన విశాఖ పేరు పెట్టుకున్న ఐఎన్ఎస్ విశాఖపట్నం ఇలాంటి నాలుగు పలకల రాడార్‌తోనే వచ్చాయి.

అయితే ఇంకో తేదీ చెప్పకుండా ముగించలేను. 1988 జూలై 3న ఏజిస్ ఉన్న విన్సెన్స్ నౌక, ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని యుద్ధవిమానం అనుకుని కూల్చేసింది. 290 మంది పోయారు, అందులో 66 మంది పిల్లలు. విమానం పైకి వెళుతోందని రాడార్ సరిగ్గానే చూపించింది. కిందికి దిగుతూ తమ మీదికే వస్తోందని సిబ్బంది నమ్మారు.

ప్రాక్టికల్స్‌లో రీడింగ్ రెండోసారి చూడందే మాస్టారు రికార్డులో రాయనిచ్చేవారు కాదు. అప్పట్లో మాకది విసుగు. విన్సెన్స్ విచారణ వివరాలు చదివిన రోజు ఆయన గొంతే చెవిలో వినిపించింది. పరికరం ఎంత గొప్పదైనా, రీడింగ్ చూసి నిర్ణయించేది మనిషే కదా.