తరగతి గదిలో చేప గుడ్లు

అమెరికాలో కొన్ని బడుల్లో పిల్లలు ట్రౌట్ గుడ్లను తరగతి గదిలోనే పొదిగించి, పిల్ల చేపలను వాగులో వదులుతారు. ట్రౌట్‌కు చన్నీళ్లు కావాలి. మన వెల్గటూర్ ఎండకు బతకదు.

మనకున్నవి బొచ్చె, రవ్వ. ఇవి వానాకాలం పారే నదిలో గుడ్లు పెడతాయి, నిలవ నీళ్ల చెరువులో పెట్టవు. అందుకే ఒకప్పుడు చెరువులకు పిల్లలను వరదనీటిలో వలపట్టి తెచ్చేవారు. అందులో పనికిరాని చేపలూ కలిసేవి. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, ఈ జాతి చేపలతో గుడ్లు పెట్టించారు. ఆ తేదీనే ఇప్పుడు జాతీయ చేప రైతుల దినంగా జరుపుతున్నారు.

ఈ చరిత్ర మనకు దూరం కాదు. ఎల్లంపల్లి నీళ్లలో చెగ్యాం, కోటిలింగాల వైపు మనవాళ్ల ఇండ్లు, పొలాలు మునిగాయి. పారే గోదావరి అక్కడ నిలిచిపోయింది. నిలిచిన నీళ్లలో వల నిండాలంటే పిల్లలను బయట పొదిగించి తెచ్చి వదలాల్సిందే. రాష్ట్రంలో ఉచిత చేపపిల్లల పంపిణీ 2016లో మొదలైంది.

బొచ్చె గుడ్డు ఒక్కరోజులోపే పగులుతుంది. స్వర్ణోత్సవ కానుకగా సైన్సు గదికి ఒక అద్దాల తొట్టి, గాలి పంపు ఇద్దామని మిత్రులను కోరుతున్నాను. వల వేసే ఇండ్ల పిల్లలు ఆ పుట్టుకను కళ్లారా చూడాలి.