పెంకు పేరు పాలకు వచ్చిన కథ

కస్టర్డు అనగానే మన ఇండ్లలో అనేకులకు డబ్బాలోని పసుపువన్నె పొడి స్ఫురించును. దానిని పాలలో కాచి, చల్లార్చి, అరటి, దానిమ్మ పండ్లు చేర్చి విందులలో వడ్డించుచున్నాము. ఆ పొడిలో గ్రుడ్డు లేదు; ఆ వంటకమునకు పిండితో చేసిన పెంకు లేదు. కాని చరిత్రను తరచి చూచినచో, ఆ పేరు మొదట పెంకుదే యని తెలియును.

మధ్యయుగమున ఇంగ్లండు రాజాస్థానములో ఫ్రెంచి భాష చెలామణి యగుచుండెను. పిండి పెంకులో కాల్చిన వంటకమును నాడు 'క్రుస్టాడ్' అనెడివారు. ఆంగ్లేయుల నాలుకపై అదియే కస్టర్డు అయినది. రెండవ రిచర్డు రాజుగారి వంటవారు రమారమి 1390లో కూర్చిన పాకగ్రంథమున 'డారియోలు' అను ఇట్టి వంటకము కలదు. రెండంగుళముల లోతుగల పెంకులో మీగడ, గ్రుడ్లు, పంచదార, కుంకుమపువ్వు చేర్చి కాల్చుమని అందు చెప్పబడినది. పంచదార, కుంకుమపువ్వు నాడు మిక్కిలి ప్రియమైన సరకులు. సామాన్యుల ఇండ్లలో రొట్టెలు కాల్చు బట్టీయే అరుదు. వారు తమ వంటకమును ఊరి రొట్టెలవాని బట్టీకి పంపి కాల్పించుకొనెడివారు. పందొమ్మిదవ శతాబ్దమున బట్టీతో కూడిన ఇనుప పొయ్యిలు వ్యాపించిన పిదపనే ఇది అనేక గృహములలో ఇంటివంట కాగలిగినది.

ఆ శతాబ్దముననే, 1837లో, ఈ కథ రెండు దారులు పట్టినది.

మొదటిది పోర్చుగల్ దారి. లిస్బన్ చెంతనున్న బెలేమ్‌లో జెరోనిమోస్ మఠము కలదు. నాటి మఠములలో బట్టలకు గంజివలె గ్రుడ్డులోని తెల్లసొనను వాడెడివారనియు, మిగిలిన పచ్చసొనతో మిఠాయిలు చేసెడివారనియు చెప్పుదురు. 1834లో ఆ దేశమున మఠములు మూతపడినవి. మఠము వారి పాకము సమీపమందలి పంచదార కర్మాగారమునకు చేరినది. 1837లో అచ్చట ఆరంభమైన దుకాణము నేటికిని పలుచని పొరల పెంకులో పచ్చసొన కస్టర్డును కాల్చి అమ్ముచున్నది.

రెండవది బర్మింగ్‌హామ్ దారి. ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అను మందుల వ్యాపారి భార్యకు గ్రుడ్డు సరిపడెడిది కాదు. ఆమె కొరకు ఆయన గ్రుడ్డుకు బదులు మొక్కజొన్న పిండితో చిక్కబడు పొడిని 1837లో కల్పించెను. మన ఇంటి డబ్బా ఆ పొడి సంతతిదే.

పొడి కస్టర్డు కస్టర్డే కాదని కొందరందురు. మేము అట్లనజాలము. గ్రుడ్డు తినలేని ఒక ఇల్లాలు నలుగురితో పాటు ఆ తీపి రుచి చూచుటకై పుట్టినది ఆ పొడి. అయినను పొడి రాకతో మరుగున పడునది ఒకటి కలదు: మంటను అదుపులో నుంచు నేర్పు. గ్రుడ్డు, పాలు కలిసిన మిశ్రమము సుమారు 80 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద గట్టిపడును. వేడి మించినచో విరిగి నీరు వదలును. అందుకే ఇంట కాల్చువారు ముందుగా ఖాళీ పెంకును కాల్చి, పిదప పాకము పోసి, సన్నని సెగపై నుంచి, అంచులు గట్టిపడి నడిమి భాగము ఇంకను కొంచెము కదలుచుండగనే వెలికి తీయుదురు. మిగిలిన పని లోపలి వేడియే చేయును.

ఈ నేర్పు మనకు క్రొత్త కాదు. గేదె ఈనిన తొలి దినముల పాలలో బెల్లము, మిరియాలపొడి కలిపి, ఆవిరిపై నుంచి మన అమ్మమ్మలు జున్ను చేసిరి. గ్రుడ్డు లేకయే ఆ పాలు గట్టిపడును. పాలలోని మాంసకృత్తులే వేడికి పేరుకొనును. బెలేమ్ బట్టీ యెదుట నిలిచిన వంటవాడును, జున్ను గిన్నె మూత తీసి చూచు అమ్మమ్మయు కనిపెట్టుచున్నది ఒక్కటే: దింపవలసిన క్షణము. ఆ క్షణమును డబ్బాపై అచ్చువేయుట సాధ్యము కాదు. ప్రక్కన నిలిచి చూచి నేర్చుకొనవలసినదే.