నిప్పు రంగు, నీళ్ల రంగు

2022లో వచ్చిన ఆర్‌ఆర్‌ఆర్‌ని ఒకసారి రంగుల కోసమే చూడండి. రామరాజుకి నిప్పు: ఎరుపు, నారింజ. భీమ్‌కి నీళ్లు: నీలం. ఇంటర్వెల్ కొట్లాటలో ఒకరి వైపు మంట, ఇంకొకరి వైపు నీటి ధార. మాట లేకుండానే ఎవరి స్వభావం ఏంటో తెలిసిపోతది. అంతవరకు బాగుంది.

చివర్లో రామరాజుకి కాషాయం కట్టి, చేతికి విల్లిచ్చి పురాణ పురుషుణ్ణి చేశారు. మన భీమ్ మాత్రం ఆయన్ని చదువు అడిగే మనిషిగా మిగిలాడు. జెండా మీద జల్ జంగల్ జమీన్ అని రాసేది కూడా రామరాజే!

కథ కల్పితమని ముందే చెప్పారు, సరే. చరిత్రలో అల్లూరి 1924లోనే అమరుడయ్యారు. కొమురం భీమ్ నిజాం సర్కారు మీద కొట్లాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. ఆ నినాదం భీమ్ పోరాటానిది. మా హాస్టల్ జూనియర్లు భీమ్ అనగానే సినిమా పోస్టరే చూపిస్తున్నారు.