పద్యం అడిగిన లెక్క: ఛందస్సు, సంగీతం, గణితబోధన

కళల ద్వారా గణితాన్ని బోధించాలన్న ఆలోచనకు 2020 జాతీయ విద్యావిధానం కొత్త ఊపునిచ్చింది. అయితే తరగతిగదిలో ఇది తరచుగా ముగ్గులో సౌష్ఠవాన్నో, గోపురంలో త్రిభుజాలనో చూపడంతో ముగుస్తున్నది. అక్కడ గణితం ముందే సిద్ధంగా ఉంటుంది, కళ దానికి ఉదాహరణగా వచ్చి చేరుతుంది. భారతీయ ఛందశ్శాస్త్ర, సంగీతశాస్త్రాల చరిత్రలో ఈ క్రమం తలకిందులుగా కనిపిస్తుంది. లెక్క వేయక తప్పని ప్రశ్న అక్కడ కళలోనే పుట్టింది.

పింగళుని ఛందశ్శాస్త్రం చివరి అధ్యాయంలో అటువంటి ప్రశ్నలున్నాయి. పాదంలో నిర్ణీతసంఖ్యలో అక్షరాలున్నప్పుడు గురులఘువుల అమరికలు ఎన్ని, వాటిని ఏ వరుసలో రాయాలి అన్నవి మొదటివి. అమరికలన్నిటినీ క్రమంగా రాయడం ప్రస్తారం. వరుససంఖ్యను బట్టి రూపాన్ని రాబట్టడం నష్టం, రూపాన్ని బట్టి సంఖ్యను రాబట్టడం ఉద్దిష్టం. క్రీ.శ. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం ఆరంభంలో గణితప్రయోజనాలను చెబుతూ ఛందస్సును, సంగీతాన్ని, వాస్తువిద్యను కూడా పేర్కొన్నాడు. పావులూరి మల్లన తెనిగించినది ఈ గ్రంథాన్నే.

అక్షరాలకు బదులు మాత్రలను లెక్కించినప్పుడు సమస్య మరింత ఆసక్తికరమవుతుంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రల గణం లఘువుతో ముగిస్తే దాని ముందు మూడు మాత్రలుండాలి. గురువుతో ముగిస్తే రెండు. మూడు మాత్రలకు 3 రూపాలు, రెండు మాత్రలకు 2 రూపాలు. కనుక నాలుగింటికి 5. విరహాంకుడు, ఆ తరువాత 12వ శతాబ్దిలో హేమచంద్రుడు చెప్పిన నియమం ఇదే. 1, 2, 3, 5, 8, 13 అంటూ సాగే ఈ వరుస 1202లో ఫిబొనాచ్చి గ్రంథంలో కుందేళ్ళ లెక్కగా కనిపించి, ఆయన పేరుతోనే ప్రసిద్ధి పొందింది. కందపద్యంలో గగ, భ, జ, స, నల అనే ఐదు గణాలే ఉండడానికి కారణం ఇదే. భ, జ, నలములు లఘ్వంతాలు; గగ, సలు గుర్వంతాలు. కందలక్షణాన్ని కంఠస్థం చేసే విద్యార్థికి ఆరో గణం ఎందుకు లేదన్న ప్రశ్న సాధారణంగా ఎదురుకాదు.

ఉద్దిష్టం కూడా ఇలాంటిదే. పాదాక్షరాల కింద 1, 2, 4, 8 అంటూ రెట్టింపు చేస్తూ అంకెలు వేసి, లఘువుల కింద ఉన్నవాటిని కూడి ఒకటి కలపాలి. ఇరవై అక్షరాల పాదానికి ఏర్పడే 10,48,576 వృత్తాలలో ఉత్పలమాల 3,55,799వది. దాని మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాల వస్తుంది. దాని సంఖ్య 7,11,600. అంటే మొదటి సంఖ్యను రెట్టించి 2 కలిపినంత. శార్దూలం 1,49,337 కాగా మత్తేభం 2,98,676. ఇక్కడా అదే సంబంధం. ఒక అక్షరం పెరగడంతో పాత లఘువుల విలువలన్నీ రెట్టింపవుతాయి, కొత్త లఘువులు రెండూ 1, 2లను చేరుస్తాయి. లక్షణగ్రంథాలలో వృత్తసంఖ్య ఇవ్వడం పరిపాటి. దానిని పాండిత్యప్రదర్శనగా దాటవేసేవారికి ఈ బంధుత్వం కనిపించదు.

సంగీతంలో ఇదే పద్ధతి మరో రూపం పొందింది. దేవగిరి యాదవరాజు సింఘణుని ఆస్థానంలో 13వ శతాబ్దిలో వెలసిన శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరం, ఒక మూర్ఛనలోని ఏడు స్వరాలను 5,040 క్రమాలలో అమర్చవచ్చునని లెక్కించింది. 56 మూర్ఛనలకు ఆ సంఖ్య 2,82,240 అవుతుంది. ఖండమేరువు అనే అంకెల పట్టిక సాయంతో నష్టోద్దిష్టాలను సాధించే మార్గాన్నీ చూపింది. ఇన్ని తానాలను ఏ గాయకుడూ పాడడు. గానావసరం తీరిన తరువాత కూడా లెక్క తన కుతూహలంతో తాను సాగిందనడానికి ఇది నిదర్శనం. 1356లో నారాయణపండితుడు గణితకౌముదిలోని అంకపాశాధ్యాయంలో ఇటువంటి అమరికల లెక్కలను శుద్ధగణితవిషయంగా విస్తరించాడు. కళ వేసిన ప్రశ్న అక్కడికి వచ్చేసరికి గణితశాఖగా మారింది.

నేటి విద్యార్థి గురులఘువులను తెలుగు తరగతిలో, అమరికల లెక్కను ఇంటర్మీడియట్ గణితంలో వేర్వేరుగా నేర్చుకుంటాడు. తెలుగు అధ్యాపకునికి ప్రస్తారం గణితంగా తోస్తుంది. గణితాధ్యాపకునికి కందపద్యం తన పరిధిలోనిది కాదు. తెలుగు మాధ్యమ గణితపుస్తకంలో ఆ అధ్యాయం పేరు మాత్రం ఇప్పటికీ ‘ప్రస్తారాలు, సంయోగాలు’.