ప్రాసెసరు దోషములు – ఆపరేటింగ్ సిస్టము చికిత్స

ప్రోగ్రాములో తప్పు దొరలినచో దిద్దవచ్చును. సిలికాన్ పలకపై రూపొంది, అమ్ముడై, ఇండ్లకు చేరిన ప్రాసెసరులో తప్పు బయటపడినచో దిద్దుటెట్లు? 1994లో అమెరికాలోని లించ్‌బర్గ్ కళాశాల గణితాచార్యుడు థామస్ నైస్లీ కవల ప్రధానసంఖ్యల వ్యుత్క్రమములను కూడుచు, ఇంటెల్ వారి పెంటియం ప్రాసెసరు భాగహారమున తప్పుచున్నట్లు కనుగొనెను. లోపలి పట్టికలో 5 గళ్ళయందు 2 ఉండవలసినచోట సున్న ఉండిపోయినది. చివరకు కోరినవారికెల్ల ప్రాసెసరును మార్చి ఇయ్యవలసి వచ్చెను. ఇంటెల్ లెక్కలలో 47.5 కోట్ల డాలర్లు ఇందుకు ఖర్చు వ్రాయబడెను.

1997 నవంబరులో పెంటియంలోనే మరియొక దోషము బయటపడెను. కారణమైన ఆదేశము షోడశాంశ సంఖ్యలలో ఎఫ్0 0ఎఫ్ అని ఆరంభమగును. దోషమునకు ఆ పేరే నిలిచినది. ఈ 4 బైట్ల ఆదేశమునకు అర్థము లేదు. దోషము లేని ప్రాసెసరు ఇట్టిదానిని చూచినచో 'చెల్లని ఆదేశము' అను 6వ సంఖ్య గల అంతరాయమును పుట్టించి, పగ్గములను ఆపరేటింగ్ సిస్టమునకు అప్పగించును. పెంటియం మాత్రము మెమరీతో రాకపోకలు జరుపు తీగల దారిని బిగించుకొని, మరల విడువక, కొయ్యబారిపోయెడిది. యంత్రమును ఆపి మరల నడుపుట తప్ప గతి లేదు. పైగా ఈ ఆదేశము నిచ్చుటకు ప్రత్యేకాధికార మేదియు నక్కరలేదు. పదుగురు వాడుకొను యంత్రమును నిలిపివేయుటకు ఒక్క కొంటెవాడు చాలును!

ఈసారి మందు ఆపరేటింగ్ సిస్టమే వేయవలసి వచ్చెను. మెమరీ 4096 బైట్ల పుటలుగా విభక్తమై యుండును. అంతరాయముల పట్టికలో ఒక్కొక్క పద్దు 8 బైట్లు. 0 నుండి 6 వరకు గల 7 పద్దులను, అనగా 56 బైట్లను, ఒక పుట చివరకు జరిపి, ఆ పుట మెమరీలో లేదని గుర్తు పెట్టుట ఇంటెల్ చెప్పిన ఉపాయము. 6వ పద్దును వెదకబోయిన ప్రాసెసరుకు పుటయే దొరకదు. కొయ్యబారుటకు ముందే 'పుట లోపము' అను 14వ అంతరాయము పుట్టును. సిస్టము ఆ చిరునామాను చూచి, అసలు సంగతి గ్రహించి, తప్పు చేసిన ప్రోగ్రామును మాత్రమే ఆపివేయును. అయితే సున్నతో భాగించుట వంటి నిరపరాధపు అంతరాయములును ఆ చుట్టుదారినే పోవలసి యుండెను. లైనక్స్‌లో తరువాత ఆ పుటను 'చదువుటకు మాత్రమే' అని గుర్తించి ఈ చుట్టు తప్పించిరి.

ఉపాయము కన్న లైనక్స్ దానిని వాడిన తీరు గమనింపదగినది. యంత్రము మేల్కొనునపుడే ప్రాసెసరు జాతిని పరీక్షించి, ఇంటెల్ పెంటియం అయిననే మందు వేసెడిది; వేసినట్లు చెప్పెడిది; ప్రాసెసరు వివరముల జాబితాలో ఆ దోషము కలదో లేదో ఒక వరుసలో చూపెడిది. పెంటియం ప్రో గలవానికి ఏ భారమును లేదు.

2018 జనవరిలో వెల్లడియైన మెల్ట్‌డౌన్ దోషమున భారమే పెద్ద సమస్య అయినది. సిస్టము పుటలను ప్రోగ్రాములకు కానరాకుండ వేరుచేయగా, సిస్టమును పిలిచిన ప్రతిసారియు కొంత కాలము వ్యయమగును. మొదట లైనక్స్ ఆ జాతి ప్రాసెసరుల నన్నిటిని దోషులుగనే ఎంచినది. తమ వాటికి ఈ దోషము లేదని ఏఎండీ ఇంజనీర్లు సవరణ పంపగా, వాటిని మినహాయించిరి. ఇట్టి చికిత్సలు పెరిగిన పిమ్మట, 2019లో, యంత్రమును మేల్కొలుపునపుడు ఒక్క మాటతో వానినన్నిటిని ఆపివేయు సౌకర్యము కల్పించిరి. పరాయి ప్రోగ్రాములు నడువని లెక్కల యంత్రములకు అది ఉద్దిష్టము.